అద్దాల కిటికీ పక్కన యాభయ్యో పుట్టినరోజు

తెలుగిళ్లలో పెద్ద పుట్టినరోజులన్నీ జంటలకే. షష్టిపూర్తికి పీటల మీద ఇద్దరు కూర్చోవాలి. 1965లో, విశ్వావసు నామ సంవత్సరంలో పుట్టినవాళ్లకి అరవై ఏళ్లు తిరిగి 2025 ఉగాదికి మళ్లీ విశ్వావసు వచ్చింది. అలా వచ్చినప్పుడు పిల్లలు దగ్గరుండి అమ్మానాన్నలకి మళ్లీ పెళ్లి చేస్తారు. ఎనభై దాటాక చేసే సహస్ర చంద్ర దర్శనానికీ అంతే, పక్కన భార్యో భర్తో ఉంటేనే నిండుదనం అనుకుంటాం.

మరి గే అయిన కొడుకు సంగతేమిటి? ముప్ఫై నిండిన రోజు ఫోన్లో ‘హ్యాపీ బర్త్‌డే నాన్నా’ వెంటనే సంబంధాల మాట వస్తుంది. నలభైకి ఆ మాట కూడా ఆగిపోయి అమ్మ గొంతులో బెంగ మాత్రం మిగులుతుంది. యాభై నాటికి ఎవరూ ఏమీ అడగరు. అందుకే నాకు తెలిసిన చాలామంది ఆ రోజు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని, మామూలుగా ఆఫీసుకి వెళ్లి, మామూలుగా తిరిగొచ్చి పడుకుంటారు. నాకు అది చాలా బాధ కలిగించే విషయం. ఈ అధ్యాయం వాళ్ల కోసమూ, వాళ్లంటే ప్రాణం పెట్టే స్నేహితుల కోసమూ రాస్తున్నాను.

నేను చెప్పేది ఒకటే. ముప్ఫై, నలభై, యాభై, అరవై, ఏది వచ్చినా ఆ రోజుని వదిలేయకండి. మీ గురించి ఏదీ దాచనక్కర్లేని మనుషుల్ని పిలిచి, ఏదీ దాచనక్కర్లేని చోట కూర్చుని చేసుకోండి. అలాంటి చోటు గే బార్ అయితే నిశ్చింతగా అక్కడే చేసుకోండి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ ఒక్క సంగతిని దృష్టిలో పెట్టుకునే చేయాలి. నాకు బాగా తెలిసిన ఊరు శాన్ ఫ్రాన్సిస్కో కాబట్టి ఉదాహరణలు అక్కడివే చెబుతాను. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసేల నిండా మనవాళ్లే కనుక ఆ ఊరు తెలుగు పాఠకులకి మరీ కొత్తేమీ కాదు.

బార్‌లోనే ఎందుకు?

బార్ అనగానే మనకి వైన్ షాపు పక్కన పర్మిట్ రూము కళ్ల ముందు మెదులుతుంది. పుట్టినరోజు పూట అక్కడికా అని మొహం చిట్లిస్తాం. అమెరికాలో గే బార్ల చరిత్ర వేరు. ఇల్లూ, ఆఫీసూ, చర్చీ తలుపులు మూసేసిన రోజుల్లో గేలు ఒకరినొకరు చూసుకోగలిగిన చోటు దాదాపు అదొక్కటే. అక్కడికీ పోలీసులు దాడి చేసేవాళ్లు. పట్టుబడినవాళ్ల పేర్లు పేపర్లో పడేవి, ఉద్యోగాలు ఊడేవి. గేలు వచ్చి కూర్చున్నారన్న ఒక్క కారణంతో బార్ లైసెన్సు ఆపేయడం కుదరదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పడానికి 1951 దాకా పట్టింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని బ్లాక్ క్యాట్ బార్ యజమాని తెచ్చిన కేసు అది. 1966 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని జూలియస్ బార్‌లో గేల హక్కుల సంఘమైన మాటషీన్ సొసైటీ సభ్యులు ‘మేం హోమోసెక్సువల్స్‌మి, మాకు డ్రింక్ ఇవ్వండి’ అని అడిగి, కాదనిపించుకుని, ఆ నిరాకరణనే వివాదంగా లేవనెత్తారు. ఒక గ్లాసు కోసం అంత పోరాడాల్సి వచ్చింది. గే బార్ మీద పోలీసు దాడికి జనం ఎదురుతిరిగిన స్టోన్‌వాల్ తిరుగుబాటు దాని తర్వాత మూడేళ్లకి, 1969 జూన్‌లో.

ఆ కాలపు బార్లకి కిటికీలుండేవి కావు. ఉన్నా నల్లరంగు పూసేవారు, లేకపోతే తెర వేసేవారు. లోపలున్నవాళ్లు వీధికి కనబడకూడదు. ఆ పద్ధతిని శాన్ ఫ్రాన్సిస్కోలో గేల పేటగా పేరుపడ్డ క్యాస్ట్రో వీధి మొదట్లో ఉన్న ట్విన్ పీక్స్ టావెర్న్ మార్చింది. 1972లో మేరీ ఎలెన్ కున్హా, పెగ్గీ ఫార్‌స్టర్ అనే ఇద్దరు లెస్బియన్ స్త్రీలు ఆ బార్ నడపడం మొదలుపెట్టి, వీధివైపు నిలువెత్తు అద్దాలు పెట్టించారు. పెద్దమనుషుల్లా కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లని మార్కెట్ స్ట్రీట్ మీద పోయే ప్రతివాళ్లూ చూసేలా చేశారు. అప్పటికింకా స్వలింగ సంపర్కం కాలిఫోర్నియాలో నేరమే. దాన్ని నేరాల జాబితాలోంచి తీసేసే బిల్లు మీద గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టింది 1975లో. అంటే చట్టం మారకముందే అద్దాలు వచ్చాయి. మన దేశంలో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 విషయంలో సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చిందని గుర్తుంచుకుంటే, ఆ ఇద్దరు ఆడవాళ్ల తెగువ ఎంతటిదో అర్థమవుతుంది. 2013లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఆ బార్‌ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

ఆ వీధిలోనే ఒక పుట్టినరోజు కథ ఉంది. ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది నిజానికి అదే.

హార్వీ మిల్క్ క్యాస్ట్రో వీధిలో కెమెరా షాపు నడిపిన మనిషి. తాను గే అని బహిరంగంగా చెప్పి నగర పాలకమండలికి ఎన్నికయ్యాడు. 1978 నవంబరు 27న మాజీ సభ్యుడు డాన్ వైట్ మేయర్ మొస్కోనీనీ, మిల్క్‌నీ సిటీ హాల్‌లోనే కాల్చి చంపాడు. మిల్క్‌కి అప్పటికి 48 ఏళ్లు. మరుసటి ఏడాది మే 21న జ్యూరీ దాన్ని హత్యగా కాక, తక్కువ నేరంగా తేల్చింది. ఆ రాత్రి సిటీ హాల్ ముందు జనం కోపంతో పోలీసు కార్లు తగలబెట్టారు. ఆ తర్వాత పోలీసులు క్యాస్ట్రోకి వచ్చి, ఎలిఫెంట్ వాక్ అనే గే బార్‌లోకి చొరబడి, దొరికినవాళ్లని దొరికినట్టు కొట్టారు. తెల్లారితే మే 22, మిల్క్ పుట్టినరోజు. బతికి ఉంటే 49 నిండేవి. ఆ సాయంత్రం వేడుక ముందే అనుకున్నది. ఊరంతా ఉద్రిక్తంగా ఉంది, మానేద్దామని ఎవరైనా అంటే తప్పుపట్టేవాళ్లు లేరు. మానలేదు. సుమారు 20 వేలమంది క్యాస్ట్రోలో చేరి, పాటలు పాడి, డాన్సులు చేసి, ఒక్క గొడవ లేకుండా ఇళ్లకెళ్లారు. ఇప్పుడు మే 22ని కాలిఫోర్నియా హార్వీ మిల్క్ దినంగా జరుపుతుంది.

ముందురోజు రాత్రి తల పగిలినవాళ్లే మర్నాడు పుట్టినరోజు చేశారు. ‘ఈ వయసులో నాకెందుకులే ఇవన్నీ’ అని మీరు అనబోయినప్పుడు ఈ సంగతి తలచుకోండి.

వయసు విషయంలోనూ ఆ వీధికి గుర్తున్నది వేరు. 1981 జూన్‌లో ఎయిడ్స్ తొలి కేసుల నివేదిక వచ్చింది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో క్యాస్ట్రోలో ఒక తరం మగవాళ్లు యాభై చూడకుండా పోయారు. బే ఏరియా రిపోర్టర్ అనే అక్కడి గే పత్రిక వారం వారం మరణవార్తలు వేస్తూ ఉండేది. కలిపి వాడే మందులు 1996 నుంచి పనిచేయడం మొదలుపెట్టాయి. 1998 ఆగస్టు 13 సంచికకి ఒక్క ఎయిడ్స్ మరణవార్త కూడా రాలేదు. రాలేదన్న ఆ సంగతినే పత్రిక పెద్దక్షరాల్లో మొదటి పేజీ శీర్షిక చేసింది. కాబట్టి ఆ వీధిలో యాభయ్యో పుట్టినరోజంటే పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకోరు.

ఎవర్ని పిలవాలి?

మన గురించి తెలిసినవాళ్లుంటారు, తెలియనివాళ్లుంటారు, తెలిసీ తెలియనట్టు ఉండేవాళ్లుంటారు. మొదటి రకాన్ని నిస్సంకోచంగా పిలవండి. మూడో రకానికి నేరుగా ఫోన్ చేసి, చెప్పాల్సింది ముందే చెప్పి పిలవండి. రెండో రకాన్ని ఈ సాయంత్రానికి పిలవొద్దు. పుట్టినరోజు పూటే అందరి ముందూ చెప్పేసి తేల్చుకుందామని కొందరికి అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఎదుటివాళ్లకి తమాయించుకునే వ్యవధి ఉండదు, మీకేమో ఆ రాత్రంతా వాళ్ల మొహమే చూడటంతో సరిపోతుంది. ఆ మాట ఒక్కరొక్కరికి, నెల ముందో, నెల తర్వాతో, టీ తాగుతూ చెప్పాల్సింది.

అమ్మానాన్నలకి ఇంకా చెప్పలేదా? దానికి తంటా పడాల్సిన పని లేదు. కాలిఫోర్నియాకి మనకి పన్నెండున్నరో, పదమూడున్నరో గంటల తేడా. వాళ్లకి మీ పుట్టినరోజు తెల్లవారేసరికి మీకు ముందురోజు సాయంత్రం. పైగా వాళ్లు తిథి ప్రకారం కూడా చూస్తారు. కాబట్టి మనవాళ్లకి ఎలాగూ రెండు పుట్టినరోజులు. తిథి రోజు లివర్‌మోర్ గుడికెళ్లి అర్చన చేయించుకుని, పాయసం వండుకుని, వీడియో కాల్‌లో వాళ్ల దీవెనలు తీసుకోండి. తారీఖు రోజు సాయంత్రం మీ స్నేహితులకివ్వండి. ఇందులో మోసం లేదు. రెండూ మీవే.

నా స్నేహితుడొకడు గోదావరి జిల్లా నుంచి వై2కే రోజుల్లో వచ్చాడు. యాభయ్యో పుట్టినరోజుకి ట్విన్ పీక్స్‌లో ఓ డజను మందిని పిలిచాడు. ఇంజినీరింగ్‌లో రూమ్మేట్ డల్లాస్ నుంచి భార్యతో సహా వచ్చాడు. ఆవిడ ముందే ఫోన్ చేసి, ‘అన్నయ్యా, నేను అక్కడికి రావచ్చా? ఎవరైనా ఏమైనా అనుకుంటారా?’ అని అడిగింది. ఆ ప్రశ్న అడగడమే సగం మర్యాద. రావచ్చు, తప్పకుండా రావాలి.

వాడు కిటికీ పక్క టేబుల్ తీసుకున్నాడు. మొదటి అరగంటా వాడి ప్రాణం వాడి దగ్గర లేదు. బయట మనవాళ్ల పోలికతో ఎవరు నడిచి వెళ్లినా తల అటు తిరిగేది. ఆఫీసులో వాడి సంగతి ఇద్దరికి మాత్రమే తెలుసు. రూమ్మేట్ గమనించి, ఏమీ అనకుండా లేచి, తన కుర్చీ కిటికీకీ వాడికీ మధ్యకి లాక్కుని, ‘లోపలికి మారదామా?’ అన్నాడు మెల్లగా. ‘వద్దురా, ఇక్కడే బాగుంది. నువ్వు కొంచెం పక్కకి జరుగు, కనబడటం లేదు’ అన్నాడు వాడు. వాడి సహచరుడు టేబుల్ కింద వాడి చేయి పట్టుకున్నవాడు కాస్తా, పైకి తీసి టేబుల్ మీదే పట్టుకున్నాడు.

ఆవిడ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెచ్చింది. బార్‌టెండర్‌కి ఒకటిస్తే, కాగితం ఎక్కణ్నుంచి విప్పాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూశాడు. విప్పక్కర్లేదు, కాగితంతో సహా తినాలి అని అందరం ఒకేసారి అరిచాం. కౌంటరు చివర కూర్చున్న ఒక పెద్దాయన కూడా చేయి చాపాడు. ఎవరి పుట్టినరోజు, ఎన్నోది అని అడిగాడు. యాభై అనగానే లేచొచ్చి మావాడి భుజం మీద చేయి వేసి, తన స్నేహితులు ఒక్కొక్కరి పేరూ, వాళ్లు ఏ వయసు దాకా ఉన్నారో చెప్పాడు. ముప్ఫై నాలుగు, నలభై ఒకటి, ముప్ఫై ఏడు. తర్వాత మాతో పాటు కేక్ తిన్నాడు.

అందరూ కిటికీ పక్కనే కూర్చోవాలని నేను అనను. ఇంకా బయటికి చెప్పుకోనివాళ్లు, వీసా మీద ఉండి ఆఫీసు మాటలకి భయపడేవాళ్లు లోపలి మూల టేబుల్ తీసుకోవడంలో చిన్నతనం లేదు. సాయంత్రమంతా తలుపు వైపు చూస్తూ కూర్చుంటే అది వేడుక కాదు. ఎక్కడ కూర్చుంటే మీ భుజాలు దిగుతాయో అక్కడ కూర్చోండి.

ఆ పూట

శుక్ర, శనివారాలు వద్దు. మాట వినపడదు, కూర్చోడానికి చోటుండదు. పని రోజు సాయంత్రం ఐదూ ఏడూ మధ్య వెళ్తే బార్ మీదే అన్నట్టుంటుంది. చిన్న బార్లు సాధారణంగా టేబుళ్లు రిజర్వు చేయవు కాబట్టి ఇద్దరు ముందే వెళ్లి కూర్చోవాలి. కేక్ తెచ్చుకోవచ్చా, కొవ్వొత్తి వెలిగించవచ్చా అని ముందురోజు ఫోన్ చేసి అడగండి. పేపర్ ప్లేట్లు, కత్తి మీరే పట్టుకెళ్లండి. 21 నిండినట్టు గుర్తింపు కార్డు చూపించాలి. జుట్టు నెరిసినవాళ్లని కూడా అడుగుతారు, డ్రైవింగ్ లైసెన్సు మర్చిపోవద్దు.

తాగాలన్న నియమం ఏమీ లేదు. సోడాలో నిమ్మకాయ పిండించుకుని మూడు గంటలు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు, టిప్ మాత్రం తాగినవాళ్లలాగే ఇవ్వండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చాలా ఏళ్లపాటు కలుసుకోవడానికి బార్ తప్ప వేరే చోటు లేకపోవడం వల్ల మద్యానికి బానిసలైనవాళ్లు ఈ సమాజంలో ఉన్నారు. మీ స్నేహితుల్లో మానేసినవాళ్లుంటే ‘ఇవాళొక్కరోజే కదా’ అని బలవంతపెట్టకండి. అలాంటివాళ్లు ఎక్కువమంది ఉంటే బార్ మానేసి ఎవరింట్లోనైనా చేసుకోవడమే ప్రేమ.

వచ్చే స్నేహితులకి రెండు మాటలు. మీరు ఇంకొకరి ఇంటికి అతిథులుగా వెళ్తున్నారు. అక్కడివాళ్లని వింతగా చూడటం, మోచేత్తో పొడుచుకుని నవ్వుకోవడం, ఆడవాళ్లు గుంపుగా వెళ్లి మగవాళ్ల కండలు తడిమి కేరింతలు కొట్టడం, ఇవన్నీ అక్కడికి రోజూ వచ్చేవాళ్లకి విసుగు పుట్టించే పనులు. ఎవరైనా వచ్చి మీతో సరసంగా మాట్లాడితే హడలిపోకండి. ‘థాంక్యూ, నేను స్నేహితుడి పుట్టినరోజుకి వచ్చాను, నా భార్య అదిగో’ అంటే వాళ్లే నవ్వేసి వెళ్తారు. మగవాళ్లు ఆడవేషం కట్టి ఆడిపాడే డ్రాగ్ షో ఉన్న బార్‌కి వెళ్తే ఒక్క డాలరు నోట్లు కట్టగా పట్టుకెళ్లండి. ఆ కళాకారుల సంపాదనలో టిప్పులదే పెద్ద భాగం. ఇంతకీ డ్రాగ్ వేషమంటే మనకి కొత్తా? స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికి వస్తే ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చేవి.

ఫోటోల విషయంలో మాత్రం ఏ మొహమాటమూ పెట్టుకోవద్దు. కేక్ కోసే ముందే ఒకరు లేచి, ‘ఫోటోలు ఒక్క ఫోన్లోనే, ఎవరికేది కావాలో రేపు అడిగి పంపుతాం’ అని చెప్పాలి. లొకేషన్ ట్యాగ్ పెట్టొద్దు. మీ వెనక టేబుల్ మనుషులు ఫ్రేములో పడకుండా చూసుకోండి. విజయవాడలో ఏదో ఒక ఫ్యామిలీ గ్రూప్‌లోకి ఒక్క ఫోటో జారితే అది ఎవరి ఇంట్లో చిచ్చు పెడుతుందో చెప్పలేం. ఆ టేబుల్ దగ్గర మీకంటే ఎక్కువ దాచుకోవాల్సినవాళ్లు ఒకరైనా ఉంటారనుకునే నడుచుకోవాలి.

హైదరాబాద్‌లో, విశాఖలో ఉన్నవాళ్లు అడుగుతారు, మాకు క్యాస్ట్రో ఎక్కడుంది అని. అలాంటి వీధి మనకి లేదు, నిజమే. అయినా హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడక జరుగుతోంది. ఆ నడకలో పక్కన నడిచినవాళ్లే మీ పుట్టినరోజుకి రావాల్సినవాళ్లు. 377 కేసులో పిటిషనర్లలో ఒకరైన కేశవ్ సూరి తన హోటళ్లలో కిట్టీ సూ అనే క్లబ్ నడుపుతున్నారు. ఢిల్లీ వెళ్లగలిగినవాళ్లకి అదొక దారి. వెళ్లలేనివాళ్లు తలుపులు వేసుకున్న ఒక ఫ్లాట్‌లో ఎనిమిదిమందితో బిర్యానీ తెప్పించుకుని చేసుకున్నా, పిలవాల్సినవాళ్లని సరిగ్గా పిలిస్తే అది తక్కువదేమీ కాదు.

చివరికి బిల్లు. మన పద్ధతిలో పుట్టినరోజువాడు పార్టీ ఇస్తాడు. అక్కడి పద్ధతిలో మిగతావాళ్లు పంచుకుని, అతని వాటా కూడా వాళ్లే కడతారు. రెండు రకాల స్నేహితులూ ఒకే టేబుల్ దగ్గరుంటే బిల్లు వచ్చాక కార్డులు పట్టుకుని వాదులాట మొదలవుతుంది. పిలిచేటప్పుడే తేల్చేయండి. మా స్నేహితుడు తాగినవన్నీ తన ఖాతాలో రాయించాడు, తర్వాతి భోజనం మిగతావాళ్లం పెట్టాం. మొత్తం మీద ఇరవై శాతం టిప్ వేసి, కేక్‌కి చోటిచ్చినందుకు బార్‌టెండర్ చేతిలో ఇంకొంత పెట్టండి. బార్ట్ రైళ్లు అర్ధరాత్రి దాటాక దొరకవు, కాలిఫోర్నియా బార్లు రాత్రి రెండింటికి కట్టేస్తాయి. ఫ్రీమాంట్ వైపు వెళ్లేవాళ్లెందరో లెక్క చూసుకుని, తాగనివాళ్లు ఎవరు నడుపుతారో, ఎవరు క్యాబ్ ఎక్కుతారో మొదటి గ్లాసుకి ముందే అనుకోండి. అందరూ ఇల్లు చేరాక ఒక మెసేజ్ పెట్టమని చెప్పి, పెట్టనివాళ్లకి మీరే ఫోన్ చేయండి.